ఆముదపు జాడీ నుండి డీజిలు డ్రమ్ము వఱకు
(యానాం సీమలో ఇంధన తైలముల నిల్వ: ఒక చారిత్రక పరిశీలన)

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు ముందు, కోరంగి యేఱు దానినుండి చీలిపోవు తావున, ఎడమ యొడ్డున యానాం పట్టణము నెలకొనియున్నది. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట తొలుత వర్తకస్థానము నేర్పఱచిరి. పెక్కు మార్పులకు లోనై, నడుమ నడుమ ఆంగ్లేయుల చేతికి చిక్కి, మరల ఫ్రెంచివారికి దక్కి, 1954 జూన్ 13వ తేదీన ఈ పట్టణము పరపాలనమునుండి విడివడెను. ఆ యేడు నవంబరు 1న పాలనము భారత ప్రభుత్వమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న న్యాయతః విలీనము ముగిసెను. ఈ రాజకీయ చరిత్ర పలువు రెఱిగినదే. దానితోపాటు సద్దులేక సాగివచ్చిన మఱియొక చరిత్ర కలదు. అది దీపమునకును, పొయ్యికిని, యంత్రమునకును వలసిన తైలమును ఈ సీమ ప్రజలు దాచుకొనిన విధానముల చరిత్ర.

శీతదేశములందు ఇంటిని వెచ్చగా నుంచుకొనుటకై ఇంటిప్రక్కనో, నేలలోపలనో తొట్టి కట్టి నూనె నింపుకొందురు. గోదావరి ముఖమున అట్టి యవసరము లేదు. ఇచ్చట తైలము వెలుగుకొఱకు వచ్చినది, పిదప యంత్రముకొఱకు నిలిచినది. మొదట గింజనూనె, తరువాత కిరసనాయిలు, ఆ తరువాత డీజిలు. ఇట్లు తైలము మాఱిన ప్రతిసారియు దానిని నిల్వచేయు అలవాటు ఒక యడుగు వెనుకనే నడచెను. అంతేకాక, తైలనిల్వపై వెలసిన శాసనములు ప్రధానముగా అగ్నిభయమును చూచి వ్రాయబడినవి. ఈ సీమ చరిత్రయో, అగ్నితో సమానముగా నీటిభయమునుగూడ చూపుచున్నది. ఈ రెండు విషయములను నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. నిల్వయుండినది గింజయే

'నూనె' యను మాటలోనే తొలినాటి తైలచరిత్ర యిమిడియున్నది. నువ్వులనుండి తీసిన నెయ్యి కనుక నూనె యైనది. తిలలనుండి వచ్చినది కనుక సంస్కృతమున తైలమైనది. 'చమురు' అనునది జిడ్డుద్రవముల కన్నిటికిని చెల్లిన మాట. నేడది భూమినుండి తీయు ముడితైలమునకు రూఢమైనది.

గోదావరి మండలమున దీపమునకు ముఖ్యముగా ఆముదమును, కొన్నియెడల కానుగ, పొన్న, ఇప్ప నూనెలను వాడుచుండిరి. వంటకును అభ్యంగనమునకును నువ్వులనూనె. పొన్న తీరపు టిసుకనేలల నెదుగు చెట్టు. దాని గింజలనూనె దీపమునకేగాక పడవల కొయ్యకు పూయుటకును పనికివచ్చెడిది. తెలికులవారు గానుగ లాడించి నూనె తీసి యిచ్చెడివారు. ఆముదమును మాత్రము గృహిణులు ఇంటనే వండుకొనుటయు కలదు. గింజలను వేయించి, దంచి, నీటితో మరిగించినచో నూనె పైకి తేలును. దానిని గరిటెతో తీసి, తడి యిగురునట్లు మరల కాచి, జాడీలో పోసికొందురు. నీటికంటె నూనె తేలిక యను ప్రకృతిధర్మమే ఇచ్చట వంటయింటి విద్య యైనది. చదువరులు ఈ ధర్మమును జ్ఞప్తియందుంచుకొందురుగాక. ఇదియే మున్ముందు వేఱొక రూపమున కనుపించును.

ఈ కాలమున ముఖ్యముగా గమనింపదగిన విశేష మొకటి కలదు. గృహస్థు ఏడాదికి సరిపడ దాచినది గింజనే గాని నూనెను గాదు. గింజ గాదెలోను, కుండలోను చెడక నిలుచును. నూనె పాతబడినచో కమరువాసన పట్టును. కనుక అవసరమునుబట్టి కొంచెము కొంచెముగా ఆడించుకొనుటయే పద్ధతి. ఇంటనుండు నూనె జాడీలో కొన్ని శేర్లు మాత్రమే. దూరము మోసికొనిపోవలసివచ్చినప్పుడు తోలుసిద్దెలు వాడిరి. ఎలుకలకును, చీమలకును, పిల్లల చేతులకును అందకుండ జాడీని ఉట్టిమీదనో, అటకమీదనో పెట్టుట వాడుక. ఎలుకకొఱకు చేసిన ఈ యేర్పాటు వరదనాడును అక్కఱకు వచ్చెడిది.

ఆముదమునకు మఱియొక గుణము కలదు. వత్తి లేనిదే అది సులభముగా అంటుకొనదు. జాడీ యొలికినచో నేల జిడ్డగును గాని ఇల్లు తగులబడదు. నేలలో ఇంకినదానిని మట్టిలోని సూక్ష్మజీవులు కాలక్రమమున జీర్ణించుకొనును. కావున నూనె నిల్వ యనునది ఆనాడు పొదుపునకు సంబంధించిన గృహకృత్యము. భయమునకు తావైనది కాదు. ఈ నిర్భయత్వము తరువాతి తైలములకును సంక్రమించుటయే చిక్కులకు మూలమైనది.

2. రంగం దారిలో మట్టితైలము

యానాంకు కొద్ది మైళ్ళ దూరముననున్న కోరంగి, 18, 19 శతాబ్దములందు ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరొందిన రేవు. బంగాళాఖాతమున కావలి యొడ్డున బర్మా దేశము. ఆ రెండింటి నడుమ రాకపోక లెంత దట్టముగా నుండెననగా, ఈ రేవు పేరే బర్మాలో తెలుగువారికి పేరై, వారు 'కోరంగీ'లని పిలువబడిరి. తెలుగుపల్లెలలో రంగూనునకు పోవుటను 'రంగం పోవుట' యనిరి.

ఆ బర్మాలో ఐరావతీ నది యొడ్డున యెనాన్‌జాంగ్ అను ఊరు కలదు. వాసననీటి యేఱు అని ఆ పేరునకర్థము. అచ్చట వంశపారంపర్యపు హక్కు గల కుటుంబములవారు చేతితో బావులు త్రవ్వి మట్టితైలమును తోడుచుండిరి. 1795లో బర్మా రాజునొద్దకు రాయబారిగా వెళ్ళిన మైకేల్ సైమ్స్ ఆ యూరి చుట్టును గుట్టలుగా పేర్చిన మట్టికుండలను, తైలము నింపుకొనుటకై వేచియున్న పడవలను చూచి వర్ణించెను. ఆ తైలమును బర్మావారు దీపమునకును, కొయ్యకు పురుగు పట్టకుండ పూయుటకును వాడుచుండిరి.

దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. మట్టితైలము తొలినాళ్ళలో మట్టికుండలోనే నిల్వయుండెను. ముడితైలము చిక్కనిదగుటచే ఆ పొత్తు కుదిరినది. శుద్ధిచేసి దానిని పలుచని దీపతైలముగా మార్చిన పిమ్మట కుండకును తైలమునకును పొత్తు చెడినది. పలుచని తైలము కాల్చిన మట్టి రంధ్రములనుండి ఊఱి వెలుపలికి వచ్చును. దాని వాసన దాపుననున్న బియ్యమునకును, పిండికిని పట్టును. కొత్త తైలమునకు కొత్త పాత్ర కావలసివచ్చెను.

3. డబ్బా వచ్చిన కాలము

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1859లో యంత్రముతో బావి త్రవ్వి చమురు తీసిన తరువాత కిరోసిన్ ప్రపంచ విపణికెక్కెను. మొదట అమెరికా తైలము, పిదప రష్యా తైలము, 1886లో బర్మా ఆయిల్ కంపెనీ యేర్పడిన తరువాత బర్మా తైలము ఈ దేశమున వ్యాపించెను. తెలుగువారి నాలుకపై అది 'కిరసనాయిలు' ఐనది. సుమారు నాలుగు గాలనులు, అనగా నేటి కొలతలో 18 లీటర్లు పట్టు చదరపు రేకుడబ్బాలో దానిని నింపి, రెండేసి డబ్బాలను ఒక కొయ్యపెట్టెలో అమర్చి పంపుచుండిరి.

ఈ డబ్బాను గూర్చి వర్తకచరిత్రలో ఒక వింత ప్రసిద్ధమైయున్నది. 1892లో మార్కస్ శామ్యూల్ అను లండను వర్తకుడు 'మ్యూరెక్స్' అను ఓడలో తైలమును తొట్టిగా నింపి సూయజు కాలువద్వారా తూర్పునకు పంపెను. డబ్బాల ఖర్చు తగ్గును గనుక తన తైలము చౌకగా అమ్ముడుపోవునని అతడు తలచెను. ప్రజలు తమ పాత్రలు తెచ్చుకొని నింపుకొందురని అతని యంచనా. కాని ఆసియా దేశములలోని కొనుగోలుదారులకు తైలముతోపాటు డబ్బాయు కావలసియుండెను. అమెరికావారి నీలిరంగు డబ్బా అప్పటికే గృహోపకరణమైయుండెను. విధిలేక శామ్యూల్ రేకును తెప్పించి, తూర్పుదేశములలోనే డబ్బాలు చేయించి, ఎఱ్ఱరంగు వేయించెను. తైలమునకు పాత్ర యెంత ముఖ్యమో ఈ యొక్క యుదంతము చాటుచున్నది.

తెలుగునాట ఈ డబ్బా చేయని పని లేదు. తైల మైపోయిన డబ్బాకు పైరేకు కోసి, అడ్డముగా కఱ్ఱ బిగించి నీళ్ళు మోసిరి. మూత పెట్టించి బియ్యము, పప్పు, బెల్లము దాచిరి. రేకు విప్పి సాపుచేసి చూరునకు, తడికకు, దుకాణపు తలుపునకు కొట్టిరి. కుమ్మరి కుండకును, కమ్మరి పాత్రకును నడుమ రేకుడబ్బా తన స్థానము నేర్పఱచుకొనెను.

ఇంతటి యుపకారములోనే అపకారమును దాగియుండెను. జాడీని చూచినంతనే అందున్నది నూనెయో, ఊరగాయయో ఇంటిల్లిపాదికిని తెలిసెడిది. డబ్బా అట్టిది కాదు. నేడు తైలము, రేపు నీరు, ఎల్లుండి పప్పు. సీసాల విషయమును అంతే. మందుసీసా, సారాసీసా, కిరసనాయిలు సీసా ఒకే పోలికతో నుండుటచే, దాహమునకు నీరనుకొని పసిపిల్లలు కిరసనాయిలు త్రాగి ప్రాణాపాయము తెచ్చుకొనుట ఈ దేశమంతటను వైద్యు లెఱిగిన కీడు. ఆ తైలము కడుపుకంటె ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేయును. కనుకనే వాంతి చేయింపరాదని వైద్యులు హెచ్చరింతురు. ఆముదమువలె కిరసనాయిలును పొయ్యిప్రక్కనే పెట్టుకొనుట మఱియొక పొరపాటు. గుడిసెలపై తాటాకు, క్రింద బుడ్డిదీపము, మూలను డబ్బా. ఈ మూడును ఒకచోట చేరినప్పుడు ఏమి జరుగునో చెప్పనక్కఱలేదు.

యానాంలో ఈ చిక్కునకు మాటల చిక్కును తోడై యుండెను. ఆంగ్లమున 'పెట్రోలు' అనగా మోటారుబండికి పోయు తైలము. ఫ్రెంచిభాషలో 'పెత్రోల్' అనగా భూమినుండి తీసిన తైలము. దీపమునకు వాడు కిరసనాయిలునకును ఆ మాట చెల్లును. బండికి పోయుదానిని వారు 'ఎసాన్స్' అందురు. చుట్టును ఆంగ్లపాలనము, లోపల ఫ్రెంచిపాలనము నున్న ఈ చిన్న సీమలో ఒకే మాట రెండు వేర్వేఱు ద్రవములను తెలుపుటకు వీలుండెను. వానిలో ఒకటి మంట చూపిన గాని అంటుకొననిది, రెండవది తన యావిరితోనే దూరపు నిప్పు నందుకొనునది. పాత్రపై తెలుగులో స్పష్టముగా పేరు వ్రాయుట కేవల భాషాభిమానము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

4. తైలము రానినాడు

రెండవ ప్రపంచయుద్ధమున 1942లో జపానువారు బర్మాను ఆక్రమించిరి. ఆ యేడు ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్టణములపై బాంబులు పడెను. రంగం పోయిన తెలుగువారు వేలసంఖ్యలో అడవులవెంట కాలినడకను తిరిగి వచ్చిరి. వారితోపాటు ఆ దేశపు తైలమును రాకపోయెను. కిరసనాయిలునకు కొఱత యేర్పడి, పంపిణీకి కట్టుబాట్లు వచ్చెను. అటకనెక్కిన ఆముదపు ప్రమిద మరల క్రిందికి దిగెను.

ఈ కఱవు ప్రజల మనస్సులో ఒక కొత్త యలవాటును నాటెను. దొరకినప్పుడే తెచ్చి దాచుకొనవలెననుట. పూర్వము గింజ దాచినవారు ఇప్పుడు తైలమునే దాచసాగిరి. చౌకదుకాణములలో కిరసనాయిలు పంచిన దశాబ్దములలో ఈ యలవాటు మఱింత గట్టిపడెను. ఇది లోభముచే గాక, లేమిచే కలిగిన అలవాటు. అయినను ఇంటిలోని తైలపు పరిమాణము పెరుగుటకు ఇదియే తొలిమెట్టు.

5. యంత్రము, డ్రమ్ము, చెఱువుగట్టు

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు తన పేరిటి యంత్రమును 1897లో నడిపి చూపెను. 1900 నాటి పారిసు ప్రదర్శనములో ఆ జాతి యంత్రమొకటి వేరుసెనగనూనెతో నడుపబడెను. ఆఫ్రికాలోని తమ వలసలలో విరివిగా పండు వేరుసెనగ అచ్చటి యంత్రములకు ఇంధనము కాగలదాయని ఫ్రెంచి ప్రభుత్వము ఆలోచించుటయే దీనికి కారణమని డీజిల్ తరువాత చెప్పెను. ఆ కాలమున పుదుచ్చేరి రేవునుండియు వేరుసెనగ ఫ్రాన్సుదేశపు మార్సేయి పట్టణమునకు ఎగుమతియగుచుండెను. ఆ యాలోచన సాగియున్నచో, గింజను దాచి అవసరమైనప్పుడు ఆడించుకొను పాతపద్ధతియే యంత్రయుగమునకును తగియుండెడిది. కాని భూమితైలము చౌకయగుటచే యంత్రము దానికే అలవాటుపడెను.

గోదావరి డెల్టాలో ధాన్యపు మిల్లులకును, నీటితోడకమునకును ఆయిలింజనులు వచ్చెను. తెరచాపపడవలకు ఇంజనులు బిగింపబడెను. 1980 తరువాత తీరమంతటను రొయ్యల చెఱువులు వ్యాపించెను. చెఱువునీటిలో ప్రాణవాయువు తెల్లవాఱుజామున మిక్కిలి తగ్గును. ఆ వేళ ఏరేటర్లు ఆగినచో కొన్నిగంటలలో పంటయంతయు పోవును. కనుక విద్యుత్తు పోయినప్పుడు నడుపుటకు ప్రతి చెఱువుగట్టునను జనరేటరు, దాని ప్రక్కను డీజిలు డ్రమ్ము నిలిచెను. శేర్లతో మొదలైన నిల్వ 18 లీటర్ల డబ్బాకు, అందుండి 200 లీటర్ల డ్రమ్మునకు పెరిగినది. నిలుచు స్థలమును మాఱినది. అటక మీదినుండి పొయ్యిప్రక్కకు, పొయ్యిప్రక్కనుండి నీటిగట్టునకు దిగినది.

యానాం విలీనమైనను, పుదుచ్చేరి పాలితప్రాంతమున అంతర్భాగమై యున్నందున, దాని పన్నులు చుట్టుపట్ల ఆంధ్రప్రదేశపు పన్నులకంటె వేఱు. తైలముపై పన్ను ఇచ్చట తక్కువ యగుటచే పరిసర గ్రామములవారు యానాం బంకులకు వచ్చుట అందఱు నెఱిగినదే. 2002లో ఎదుర్లంక వారధి తెఱవబడుటతో, పూర్వము పంటుపై దాటవలసిన గౌతమిని బండ్లు నేరుగా దాటుచున్నవి. ధర తక్కువయు, దారి సులువు నైనచోట తెచ్చి దాచుకొనవలెనను కోరిక కలుగుట సహజము. 1942లో లేమి నేర్పిన యలవాటును నేడు చౌకతనము పోషించుచున్నది.

6. శాసనము చూచినది నిప్పును

భారతదేశమున పెట్రోలియము చట్టములు 19వ శతాబ్దముననే మొదలయ్యెను. 1899 నాటి చట్టము పిమ్మట వచ్చిన 1934 నాటి పెట్రోలియము చట్టమే పలు సవరణలతో నేడును అమలునందున్నది. ఫ్రెంచిపాలనమున నున్న యానాంకు ఇది నాడు వర్తింపలేదు. విలీనానంతరమే కేంద్రచట్టములు పుదుచ్చేరి ప్రాంతములకు విస్తరింపబడెను.

ఈ చట్టము అడుగు ముఖ్యప్రశ్న యొక్కటే. ఎంతటి వేడికి ఈ తైలపు టావిరి నిప్పు నందుకొనును? తొలుత ఫారన్‌హీటు 76 డిగ్రీలకు లోబడి అంటుకొను తైలము 'ప్రమాదకరము'గా నెంచబడెను. తరువాత మూడు తరగతు లేర్పడెను. 23 సెంటీగ్రేడు డిగ్రీలకు లోపల అంటుకొనునవి మొదటి తరగతి, పెట్రోలు అట్టిది. 23కును 65కును నడుమ అంటుకొనునవి రెండవ తరగతి. కిరసనాయిలు, డీజిలు అట్టివి. 65 నుండి 93 వఱకు మూడవ తరగతి. అమ్మకమునకు కాక సొంతమునకు పెట్రోలు 30 లీటర్లకు మించకుండ లైసెన్సు లేక ఉంచుకొనవచ్చును. పాత్ర గాజుదియో జాడీమట్టిదియో యైనచో ఒక లీటరునకు, లోహపుదైనచో 25 లీటర్లకు మించరాదు. రెండవ తరగతి తైలమును, ఏ యొక్క పాత్రయు 1,000 లీటర్లకు మించనియెడల, మొత్తము 2,500 లీటర్లవఱకు లైసెన్సు లేక నిల్వచేయవచ్చును.

డీజిలుకు ఇంత వెసులుబాటు ఉండుటచే అది నిరపాయమని పలువురు భ్రమింతురు. ఆ భ్రమ కూడదు. ఈ దేశపు ప్రమాణముననుసరించి డీజిలు కనీసము 35 డిగ్రీలవఱకు అంటుకొనకున్న చాలును. గోదావరితీరపు వేసవిలో నీడలోని గాలియే 40 డిగ్రీలను దాటు దినములు కలవు. ఎండన నిలిచిన ఇనుపడ్రమ్ము వేడి అంతకంటె హెచ్చు. చలిదేశమున తొట్టిలో మొద్దువలె పడియుండు తైలము ఇచ్చట వైశాఖమాసమున మేలుకొనియుండును. కావున నీడ, గాలి, నిప్పునకు దూరము అను మూడును ఈ సీమలో చట్టము చెప్పకున్నను పాటింపవలసినవే.

7. ఈ సీమ చూచినది నీటిని

1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ప్రపంచప్రసిద్ధము. గాలివానకు 'సైక్లోను' అను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుపానులలో అదియు నొకటి. 1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరమువద్ద సెకనుకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల ప్రవాహముతో పొంగెను. 1996 నవంబరు 6న తుపాను యానాం, కాకినాడల నడిమి తీరమును ఛిన్నాభిన్నము చేసెను. 2022 జూలైలో యానాంలోని పల్లపువీధులు మరల మునిగెను. తరమునకొకసారియైనను నీరు ఇంటిలోనికి వచ్చుట ఇచ్చట వింత కాదు.

నీరు వచ్చినప్పుడు డీజిలు డ్రమ్ము ఏమగును? 200 లీటర్ల డీజిలు బరువు సుమారు 166 కిలోలు, ఇనుపడ్రమ్ము బరువు సుమారు 20 కిలోలు, కలసి 186. ఆ డ్రమ్ము పూర్తిగా మునిగినచో తొలగించు నీటి బరువు 210 కిలోలకు పైమాటయే. అనగా నిండు డ్రమ్మునుగూడ వరద యెత్తుకొనిపోవును. 1,000 లీటర్ల తొట్టి సగము నిండియుండగా మునిగినచో, దానిని పైకి నెట్టు బలము నాలుగువందల కిలోలకు తగ్గదు. సామాన్యపు దిమ్మెలు, బిగింపులు దాని కాగవు. బరువైనది గనుక కదలదనుకొనుట పెద్ద భ్రాంతి. నాడు వంటయింటి కుండలో ఆముదమును పైకి తేల్చిన ధర్మమే, నేడు వరదలో తొట్టిని పెకలించుచున్నది.

పెకలిన తొట్టి గొట్టము విఱుగును. తైలము నీటిపై పలుచని పొరయై, ఆ నీరు పోవునంతమేర పోవును. నీరు తీసినప్పుడు గోడకును, గాదెకును, పొలమునకును, చెఱువునకును, బావి యొరకును ఆ పొర యంటును. తీరపు టిసుకనేలలలో తియ్యని నీరు క్రిందనున్న ఉప్పునీటిపై తేలికగా నిలిచియుండు పొర మాత్రమే. అట్టి తావున తైల మొకమారు ఇంకినచో దానిని వెడలించుట మిక్కిలి కష్టము. లోతుగా త్రవ్వి తప్పించుకొందమన్న ఉప్పునీరు పడును. అగ్నిప్రమాదము ఒక పూటలో ముగియును. బావి చెడినచో ఏండ్లు పట్టును. పైగా తొట్టి యొకరిది, బావి పదుగురిది.

వరద రాకున్నను నీరు తైలమును విడువదు. సగము నిండిన డ్రమ్ములోని గాలి రాత్రి చల్లబడినప్పుడు దానియందలి తేమ చెమ్మయై అడుగున చేరును. తైలమునకును ఆ నీటికిని నడుమ సూక్ష్మజీవులు పెరిగి బంకవంటి మడ్డి యేర్పడును. ఇనుము లోపలినుండి త్రుప్పు పట్టును. సముద్రపుగాలి వెలుపలినుండి తినును. ఇట్టి మడ్డి జనరేటరు జల్లెడను మూసివేసినచో, ఏ తెల్లవాఱుజామున కొఱకు డీజిలు దాచబడెనో ఆ జాముననే యంత్రము మొరాయించును. కొన్ని నెలలకు మించి డీజిలును ఉంచరాదనుటకు ఇదియే కారణము. నూనె పాతబడరాదని గింజను దాచిన పెద్దల యెఱుక ఇచ్చటికిని వర్తించును.

8. ముగింపు

ఈ మూడుకాలముల చరిత్రను కలిపి చూచినచో కొన్ని నిర్ణయములు వానియంతట అవియే తేలుచున్నవి. ఆముదపు కాలము నేర్పినది: కావలసినంతయే ఉంచుము, పాతబడనీకుము, ఎత్తున పెట్టుము. డబ్బాకాలము నేర్పినది: తైలపు పాత్ర తైలమునకే యుండవలెను, దానిపై అందఱు చదువగల అక్షరములతో పేరుండవలెను, త్రాగునీటి సీసాలో తైలము పోయరాదు. యంత్రకాలము నేర్పవలసినది: డ్రమ్మును చెఱువుగట్టునను, బావిదాపునను గాక, ఎఱిగిన వరదమట్టమునకు పైనున్న గట్టిదిమ్మెపై, నీడలో, గొలుసులతో బంధించి నిలుపుట, కారినను నేలలోనికి పోకుండ చుట్టును గట్టుకట్టుట, జింకుపూత రేకును, రాగి యిత్తడి గొట్టములను డీజిలుకు వాడకుండుట, ఏలయన అవి తైలమును చెఱచును, అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు తీసివేయుట.

వరదమట్ట మెంతయో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. 1986లో గోడపై నీరెంతవఱకు వచ్చెనో ప్రతివీధిలోను చూపగల పెద్దలు నేటికిని కలరు. ఆ గుర్తులను వారు చూపుచుండగానే వ్రాసి పెట్టుకొనుట తెలుగు సంఘములు పూనుకొనదగిన పని. అట్లే జాడీ, సిద్దె, డబ్బా, బుడ్డి అను వస్తువులను, వానితో ముడిపడిన మాటలను సేకరించి భద్రపఱచుటయు అవసరము. ఆ మాటలు పోయినచో వానిలోని జాగ్రత్తయు పోవును.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వరాదని సామెత. గోదావరి యొడ్డువారు దానికి మఱియొక మాట చేర్చుకొనవలసియున్నది. ఆషాఢమున ఎఱ్ఱనీరు దిగుటకు ముందే, వైశాఖజ్యేష్ఠముల ఎండలోనే, ప్రతి రైతును, ప్రతి మత్స్యకారుడును తన డ్రమ్ము నిలిచిన దిమ్మెను, దాని గొలుసును, మూతను ఒకసారి చూచుకొనవలెను. తాటాకు కప్పు నేయుట, గట్టు పూడ్చుట, పడవకు చమురు పూయుట అను వర్షమునకు ముందరి పనుల వరుసలో ఇదియు నొకటి కావలెను.